అత్త చూపించిన ఎడారి

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మా తమ్ముడికి ఎడారి పిచ్చి పట్టింది. బడి పుస్తకంలో ఒంటె బొమ్మ చూశాడు, దాని వెనక ఇసుక గుట్టలు చూశాడు, అంతే. ఇక అన్నం ముందు కూర్చున్నా, ఆవుకు గడ్డి వేస్తున్నా వాడికి ఒకటే మాట: “ఎడారి యాడుండాది?” మాది టేకల్ పక్కన చిన్న పల్లె. చుట్టూ రాగి చేలు, వాటి వెనక ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చిపెట్టినట్టు బండలు. మాకు తెలిసిన ఇసుకంతా వాగులో ఎండాకాలం బయటపడే కాస్త ఇసుకే. అమ్మ విసుక్కునేది. నాయన నవ్వి ఊరుకునేవాడు.

ఒకసారి చుట్టాల పెళ్ళికని మా మేనత్త వచ్చింది. నాయనకు ఆమె ఒక్కతే చెల్లెలు. చాంపియన్ రీఫ్స్‌లో, గని కూలీల ఇళ్ళ వరసల్లో కాపురం. మా మామ బంగారు గనిలో దిగి పనిచేసేవాడు. గనులు సర్కారు చేతికి వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. తమ్ముడి గోల విని అత్త పకపకా నవ్వింది.

“మా ఊర్లోనే ఉండాది కదప్పా ఎడారి! ఎడారొకటేనా, మ్యూజియం ఉండాది, పార్కుండాది. సెలవులకు రండి, అన్నీ చూపిస్తాను.”

నాయన ముఖంలో నవ్వు పోయింది. శ్రీనివాసపురంలో ఒక మామిడికాయల వ్యాపారి దగ్గర ఆయన వ్యాను తోలేవాడు. మదనపల్లె, చిత్తూరు, బెంగుళూరు ఎక్కడికైనా పోయేవాడు గానీ, గనుల వైపు మాత్రం వెళ్ళేవాడు కాదు. చెల్లెల్ని చూడాలనిపిస్తే ఆమెనే పిలిపించుకునేవాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. పిల్లలకు పెద్దల అలవాట్లు కొండల్లాంటివి. అవి అక్కడ ఉంటాయి, అంతే. కానీ తమ్ముడి పోరు ఆగలేదు, అత్త మాట ఇచ్చేసింది. చివరికి కాయల లోడు లేని ఒకరోజు నాయన వ్యాపారిని అడిగి వ్యాను తెచ్చాడు. ఈనడానికి సిద్ధంగా ఉన్న ఆవును వదిలి రాలేనని అమ్మ ఇంట్లోనే ఉండిపోయింది.

వ్యానులో ఇంకా మామిడికాయల వాసన, కింద పరిచిన ఎండుగడ్డి. ఆ గడ్డి మీద నేనూ తమ్ముడూ అటూ ఇటూ దొర్లుతూ బంగారుపేట దాటాము. ఆపైన దారి పొడుగునా తమ్ముడు లేచి నిలబడి, “వచ్చేసిందా? ఇదేనా?” అని అడుగుతూనే ఉన్నాడు. అంతదూరం మాట్లాడకుండా బండి తోలిన నాయనను నేను అదే మొదటిసారి చూడటం.

అత్త వాళ్ళ ఇళ్ళు అగ్గిపెట్టెలు పేర్చినట్టు ఒకదానికొకటి అంటుకొని ఉన్నాయి. ఒక ఇంట్లో దగ్గితే పక్కింట్లో వినిపించేది. ఇళ్ళ వెనక ఇనుప కమ్మీలతో కట్టిన ఎత్తైన గోపురం, దాని నెత్తిన ఒక పెద్ద చక్రం. షాఫ్టు అనే నిలువు బావిలోంచి మనుషులను భూమిలోకి దించేదీ, మళ్ళీ పైకి లాగేదీ అదే. అటు కాసేపు తిరిగి, ఆగి, ఇటు కాసేపు తిరిగేది. దాన్ని చూడకుండా ఆ వీధిలో ఎవరూ నడిచేవారు కాదనిపించింది. మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్ళు ఒకసారి అటు పోయి వచ్చేవి, మనం గాలికి చెంగు సర్దుకున్నంత మామూలుగా.

మామ అప్పటికే పొద్దుటి షిఫ్టుకు దిగిపోయాడు. అత్తా, ఆమె నాలుగేళ్ళ కొడుకూ సిద్ధంగా ఉన్నారు. పక్కింటామె తన కూతురిని కూడా మాతో పంపింది. అత్త ఆమెను అక్కా అని పిలిచేది, అందుకని నేనూ అక్కా అనే పిలిచాను. అక్క మొగుడూ, మా మామా ఒకే గుంపులో పని. ఆ పొద్దున ఇద్దరూ కలిసే పనికి బయలుదేరారట. అక్క కూతురు మా తమ్ముడి ఈడుది, రెండు జడలకు ఎర్ర రిబ్బన్లు కట్టుకొని ఉంది. అక్క మాకందరికీ చింతపండు అన్నం గిన్నెలో సర్ది ఇస్తూ, “బిడ్డను ఎండలో ఊరికే తిప్పొద్దు చెల్లీ, ఇంగ నీళ్ళు తాపిస్తా ఉండు” అని రెండు మూడుసార్లు చెప్పింది.

అత్త ఎడారి అన్నది సైనైడ్ దిబ్బలను. గనిలోంచి తెచ్చిన రాయిని పొడి కొట్టి, మందునీళ్ళతో బంగారం తీసుకొని, మిగిలిన పొడిని తాతల కాలం నుంచీ ఊరి పక్కన పోస్తూ వచ్చారు. అవి కొండలయ్యాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే, తెలుపూ కాదు బూడిద రంగూ కాదు, ప్రాణం పోయినవాళ్ళ గోళ్ళ రంగు. వానలకు కోసుకుపోయి వాటి పక్కలు ముసలి ముఖాల్లా ముడతలు పడి ఉన్నాయి. ఒక గడ్డిపరక లేదు. చీమ లేదు. పైన ఒక కాకి అయినా పోలేదు. మా మాటలు నోటి ముందే ఆగిపోతున్నట్టు అనిపించింది. తమ్ముడు మాత్రం చేతులు చాపి అరిచాడు. వాడికి ఎడారి దొరికింది.

“ఒంటె యాడత్తా?”

“మేతకు పోయింది. ఆ మన్ను నోట్లో పెట్టుకుంటే ఒంటె కూడా బతకదు, జాగ్రత్త” అంది అత్త.

పిల్లలు ముగ్గురూ దిబ్బ ఎక్కడం, జారడం. నేను అత్త పక్కన నిలబడ్డాను. నాయన వ్యాను దిగనే లేదు.

మొదట అది నా చెవులకు కాదు, అరికాళ్ళకు తెలిసింది. కింద ఎక్కడో, చాలా లోతున, ఎవరో పెద్ద తలుపు వేసినట్టు. గాలి లేదు. అయినా దిబ్బ పక్కల మీది పొడి అంతా సన్నగా సర్రుమంటూ కిందికి పారడం మొదలుపెట్టింది, నీళ్ళలాగా. పిల్లలు నిలబడినచోటే నిలబడిపోయారు. వాళ్ళ కాళ్ళ చుట్టూ నేల కదిలిపోతోంది. తమ్ముడు ఏడుపు అందుకోబోతుంటే అత్త నవ్వేసింది.

“ఏం లేదప్పా! లోపల యాడో రాయి పగిలింది. మాకిది మామూలే. భూదేవి ఒళ్ళు విరుచుకుంటాది.”

అత్త కొడుకూ, అక్క కూతురూ కూడా నవ్వారు. వాళ్ళకు అది నిజంగానే మామూలు. అప్పుడు వేళకాని వేళ గని సైరన్ మోగింది. ఒకసారి మోగి ఆగలేదు, మోగుతూనే ఉంది. అత్త ఊరివైపు తిరిగింది. అక్కడి నుంచి గోపురం బాగా కనిపిస్తోంది. దాని మీద చక్రం నిలబడిపోయి ఉంది.

అత్త నవ్వు ముఖం మీద అలాగే ఉంది. ఆ నవ్వు వెనక ఉన్న మనిషి మాత్రం ఎక్కడికో వెళ్ళిపోయింది.

నాయన వ్యాను దిగి వచ్చాడు. అన్నాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. మమ్మల్ని ఎక్కించుకొని ఇళ్ళ దగ్గరికి పోయాము. వీధిలో ప్రతి గడపలోనూ ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఏడవడం లేదు, పక్కింటి మనిషితో మాట్లాడటం లేదు. అందరూ గోపురం వైపే చూస్తున్నారు. ఎవరింట్లోనో పాలు పొంగి మాడిపోతున్న వాసన వీధంతా కమ్ముకుంది. దించడానికి ఎవరూ లోపలికి పోలేదు. అంత మంది మనుషులున్న చోట అంత నిశ్శబ్దం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు.

అక్క పరుగున వ్యాను దగ్గరికి వచ్చింది. “మన షాఫ్టే చెల్లీ” అంది.

నాయన అత్తతో, “నువ్వు పో అమ్మా గని గేటు కాడికి. పిల్లల్ని నేను చూసుకుంటాను” అన్నాడు.

“నేను పోను అన్నా.” అత్త కొడుకు వైపు చూసి గొంతు తగ్గించింది. “వీడు నన్ను వదిలి ఉండడు. వీడిని ఆ గేటు కాడికి ఎత్తుకొని పోను. నీకు తెలీదా?”

నాయన తల దించుకున్నాడు.

“నేను పోతాను” అంది అక్క. “ఇద్దరి సంగతీ నేనే కనుక్కొస్తాను. నా బిడ్డను నీ దగ్గరే పెట్టుకో.” కిటికీలోంచి చెయ్యి పెట్టి కూతురి రిబ్బను ముడి సరిచేసి, “చిన్నమ్మ చెప్పినట్టు విను” అని, చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళిపోయింది.

అత్త మా వైపు తిరిగి చప్పట్లు కొట్టింది. “ఇంగేముండాది, ఎడారి అయిపోయింది. మ్యూజియం చూద్దాం పదండి!” పిల్లలు కేకలు పెట్టారు. ఆ గొంతు మాత్రం అత్తది కాదు. అత్త గొంతుతో ఇంకెవరో మాట్లాడినట్టుంది.

ఊరు ఊరంతా ఒకవైపు పోతోంది. మా వ్యాను ఒక్కటే ఎదురుగా వెళుతోంది. సైకిళ్ళ మీద, నడిచి, పరిగెత్తి జనం మా పక్కనుంచి పోతున్నారు. ముందు సీట్లో కూర్చున్న అత్తను కొందరు గుర్తుపట్టారు. ఆమెను చూసి, వెనక ఉన్న మమ్మల్ని చూసి, చప్పున ముఖం తిప్పుకున్నారు. ఒక ముసలాయన మాత్రం దారి పక్కన ఆగి వ్యానుకు చేతులెత్తి దండం పెట్టాడు. ఎందుకు పెట్టాడో నాకు తెలియలేదు.

మ్యూజియం అంటే దొరల కాలపు రాతికట్టడంలో ఒక పొడవాటి గది. కాపలాదారు బయట నిలబడి గోపురాన్ని చూస్తున్నాడు. “తాతా, పిల్లలు చూస్తారంట” అంది అత్త. ఆయన ఆమె ముఖం చూశాడు, తలుపు తెరిచాడు.

లోపల చల్లగా, చీకటిగా ఉంది. అద్దాల పెట్టెల్లో రాళ్ళు. గోడకు పాతకాలపు టోపీలు, దీపాలు, ఒక పెద్ద ఫోటో. అందులో గని మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. మసి పట్టిన ముఖాల్లో కళ్ళు మాత్రమే తెల్లగా ఉన్నాయి. మనం ఎటు నడిచినా ఆ కళ్ళన్నీ వెంట వస్తున్నట్టు ఉండేవి. గది చివర చెక్కతో చేసిన గని నమూనా. నేలను నిలువునా కోసి చూపించినట్టు లోపల చీమలపుట్టలాగా దారులు, ఆ దారుల్లో తీగలకు గుచ్చిన వేలెడు బొమ్మమనుషులు.

అత్త కొడుకు అద్దానికి ముక్కు ఆనించి, “అమ్మా, నాయన యాడుండాడు దీంట్లో?” అన్నాడు.

అత్త తడుముకోలేదు. అన్నిటికంటే పైనున్న బొమ్మను చూపించింది. “ఇదో, ఈడ. పైకి వస్తా ఉండాడు.”

“మా నాయన?” అంది అక్క కూతురు.

“ఆ పక్కన ఉండేది మీ నాయనే. ఇద్దరూ కలిసే వస్తా ఉండారు.”

అంతలో నేల మళ్ళీ కదిలింది. ఈసారి చిన్నగానే. గదిలో అద్దాలన్నీ సన్నగా, ఒకే స్వరంతో మోగాయి. నమూనాలోని బొమ్మలు తీగల మీద వణకడం మొదలుపెట్టాయి. గునపాలు పట్టుకున్న ఆ చిన్ని చేతులన్నీ ఊగుతున్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. “పని చేస్తా ఉండారు! పని చేస్తా ఉండారు!” అత్త నా భుజం పట్టుకుంది. ఆమె గోళ్ళు నా రవికలోంచి దిగాయి. ఆ బొమ్మలు ఆగేదాకా ఆమె వదలలేదు.

తరువాత అత్త ఒక్కొక్క రాయి దగ్గరా ఒక్కొక్క కథ చెప్పింది. ఇది పాము కాపలా కాసిన రాయి, ఇది రాణిగారి ముక్కుపుడకకు బంగారం ఇచ్చిన రాయి. పిల్లలు నోరు తెరుచుకొని విన్నారు. కొంతసేపటికి అత్త చెప్పిన కథే మళ్ళీ చెబుతోందని నేను గమనించాను, అదీ వేరే రాయి ముందు నిలబడి. పిల్లలు ముందుకు పోయినప్పుడు అడిగాను.

“అత్తా, మామ యాడున్నాడు?”

అబద్ధం చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. నా ఎత్తుకు వంగి, “కింద ఉండాడమ్మా. బతికుండాడో లేదో తెలీదు” అంది.

ఆపైన ఆమె చెప్పినది నేను ఇన్నేళ్ళలో ఒక్క మాట మరిచిపోలేదు. మా తాత కూడా ఆ గనిలోనే పనిచేసి, ఒకరోజు ఇలాగే లోపల రాయి పగిలి పోయాడట. మా అవ్వ ఇద్దరు బిడ్డలను చెరొక చేత్తో పట్టుకొని గేటు ముందు పొద్దంతా నిలబడిందట. “మా నాయన మొగం నాకు గుర్తు లేదు. ఆ పొద్దు మా అమ్మ మొగం ఎట్లా ఉండిందో అది మాత్రం పోలేదు. ఇప్పటికీ కండ్లు మూస్తే వస్తాది. నా బిడ్డకు అట్లాంటి మొగం ఇవ్వను. ఏమైనా కానీ, ఈ పొద్దు వాడు మ్యూజియం చూసినాడు, పార్కు చూస్తాడు. అంతే వాడికి.” నా చెంప నిమిరి, “నువ్వు పెద్దదానివి. నాకు తోడుగా ఉండు. ఏడవద్దు” అంది.

నాయన ఈ ఊరికి ఎందుకు రాడో అప్పుడు తెలిసింది. ఏడవకుండా ఉండటం ఎంత బరువో కూడా తెలిసింది.

మ్యూజియం దగ్గర్లోనే నీలగిరి చెట్ల మధ్య చిన్న పార్కు. మమ్మల్ని అక్కడ దించి నాయన గేటు వైపు నడిచి వెళ్ళాడు. మేము అక్క ఇచ్చిన చింతపండు అన్నం తిన్నాము. అత్త నలుగురికీ ముద్దలు పెట్టింది, తాను ఒక మెతుకు ముట్టలేదు. పార్కులో మేము తప్ప ఎవరూ లేరు. ఉయ్యాల గొలుసులు కిర్రుమనే చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. పిల్లలు ఊగుతున్నారు, అత్త తోస్తోంది. తోసిన ప్రతిసారీ చెట్ల సందులోంచి దారి వైపు చూస్తోంది. అక్క కూతురు దారిలో మెరిసే రాయి ఒకటి ఏరుకొని పరుగెత్తుకొచ్చింది.

“దీంట్లో బంగారుండాది చిన్నమ్మా. మా నాయనకు ఇస్తాను.”

“దాచిపెట్టుకో తల్లీ” అంది అత్త.

ఎండ వాలుతుండగా నాయన చెట్ల మధ్య కనిపించాడు. పార్కు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అత్త అటు నడిచింది. నేను కూడా వెళ్ళాను, తోడుండమంది కదా.

“బావ పైకొచ్చినాడు” అన్నాడు నాయన. “దెబ్బలు తగిలినాయి గానీ నడుస్తా ఉండాడు. నేను కండ్లారా చూసినాను.”

అత్త ముఖంలోకి నెత్తురు తిరిగి రావడం నేను చూశాను. పెదవులు విచ్చుకున్నాయి. ఒక అరుపో, నవ్వో గొంతు దాకా వచ్చింది. అంతలో నాయన ఉయ్యాల వైపు, ఎర్ర రిబ్బన్ల వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

అత్త చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ వచ్చినదాన్ని, అది ఏదైతేనేం, మింగేసింది. పొద్దున్నుంచీ భయాన్ని మింగుతూ వచ్చిన మనిషి. అది నాకు అర్థమైంది. కానీ ఇప్పుడు ఆమె మింగినది సంతోషం. అది కష్టమైన పని అని ఆమె మెడ నరాలు చెప్పాయి. వెనక్కి తిరిగి ఉయ్యాల దగ్గరికి వచ్చేసరికి ఆమె ముఖం మామూలుగా ఉంది. అక్క కూతురిని ఎత్తుకుంది. ఆ పిల్ల ఎత్తుకునే వయసు దాటింది, అయినా ఎత్తుకుంది. తన కొడుకు “నేనూ” అని చేతులు చాపితే, “నువ్వు మామయ్య దగ్గరికి పో” అని నాయనకు అప్పగించింది.

ఇళ్ళ దగ్గర జనం నిండిపోయి ఉన్నారు. అక్క ఇంట్లోంచి ఏడుపులు వినిపిస్తున్నాయి. పక్కనే అత్త ఇంటి గడపలో మా మామ నిలబడి ఉన్నాడు. నెత్తి నుంచి పాదం దాకా రాతిపొడి. ముఖం, జుట్టు, కనురెప్పలు అన్నీ ఆ దిబ్బల రంగులో ఉన్నాయి. ఒక్క క్షణం నాకు ఆయన బతికున్న మనిషి అనిపించలేదు, దిబ్బలోంచి లేచి వచ్చినట్టుంది. అత్త ఆయనను చూసింది. ఆయనా చూశాడు. ఇద్దరి మధ్య నాలుగడుగుల దూరం. అత్త కొడుకు “నాయనా!” అని కేక వేయబోతుంటే మామ వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. వాడికేం తెలిసిందో, ఆగిపోయాడు.

అత్త మొగుడి ముందునుంచి ఆగకుండా నడిచి, ఆ పిల్లను ఎత్తుకొని పక్కింటి గడప దాటింది. మామ పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

ఆ తరువాత ఏం జరిగిందో నాకు తెలియదు, మమ్మల్ని లోపలికి పంపలేదు. అక్క గొంతు ఒక్కసారి పైకి లేచింది, దాంట్లో అత్త గొంతు కూడా కలిసింది. మేము బయలుదేరే ముందు నేను నీళ్ళకని అత్త ఇంటి పెరట్లోకి వెళ్ళాను. అత్త అక్కడ ఉంది. మామ విప్పిన చొక్కాను రెండు చేతులతో ముఖానికి ఒత్తుకొని, గోడకు ఆనుకొని, చప్పుడు లేకుండా ఒళ్ళంతా కదిలిపోతూ ఉంది. నేను నీళ్ళు తాగకుండానే వచ్చేశాను.

దారిలో తమ్ముడు గడ్డిలో నిద్రపోయాడు. ఇంటికి పోయాక అమ్మతో ఎడారి చూశానని, మ్యూజియంలో బొమ్మలు పని చేశాయని గొప్పగా చెప్పాడు. వాడికి ఆ రోజు అంతే. అత్త అనుకున్నట్టే. అక్క ఆ తరువాత కూడా చాలా ఏళ్ళు ఆ ఇంట్లోనే ఉంది. గోడలకు చెవులుండే ఆ వరసల్లో, మా అత్తా మామా నవ్వుకునే నవ్వు పక్కింటికి వినిపించకుండా ఎన్ని నెలలు బతికారో నేను పెద్దదాన్నయ్యాక మామ చెప్పగా విన్నాను.

మొన్నీమధ్య మా ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. డాక్టరు బయటికి వచ్చి గండం గడిచిందని చెప్పగానే నా కూతురు గట్టిగా అరిచి నన్ను కౌగిలించుకోబోయింది. మా పక్క బెంచీ మీద ఒకావిడ ఒంటరిగా కూర్చొని ఉంది. కాసేపటి ముందు ఆమెను లోపలికి పిలిచిన తీరు, ఆమె తిరిగి వచ్చి కూర్చున్న తీరు నేను చూశాను. కూతురి చెయ్యి పట్టుకొని ఆపాను. లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆమె కాసేపటికి నా భుజం మీదికి ఒరిగింది. నా కూతురికి కోపం వచ్చింది, నాన్న బాగున్నాడని తెలిసి కూడా అమ్మ ఇలా రాయిలా ఉందేమిటని. నా గొంతులో మా అత్త మింగినది అలాగే అడ్డం పడి ఉంది. దాన్ని ఇంటికి తీసుకుపోయి, తలుపు వేసుకొని, అప్పుడు ఏడ్చాను.